కార్జం

నలభై ఏండ్ల సంది కార్జాన్ని ఎరుగుదును.
శివనగర్ అండర్‌బ్రిడ్జి పక్కన దుకాణం మాది.
ఖాజామియా కోసిపోతడు, ఒలిచేది నేను.
చెయ్యి లోపలికి పోయినంక కండ్లతోటి పనిలేదు,
జారుడుగ, బరువుగ, ఇంకా వెచ్చగ
అరచేతిలకు తానే వచ్చి కూసుంటది.
పురుగు పట్టిందా, గడ్డి తిన్నదా, దాణా తిన్నదా
బొటనేలు చెప్తది.

అసొంటోనికి ఎంజీఎంల డాక్టరమ్మ
కాయితం మీద బొమ్మ గీసి చూపిస్తున్నది:
"తాతా, కాలేయం అంటే..."
తెలుసు బిడ్డా, అనలేకపోయిన.
నా గోర్ల సందులు చూస్తదేమోనని
చేతులు తువ్వాల కింద పెట్టుకున్న.

వర్ధన్నపేటల పుట్టింది పిల్ల.
పేగు మెడకు రెండు చుట్లు.
ఏడ్వలే.
ఆ రూంల ఏడ్చింది నా కోడలు అంబిక ఒక్కతేనట.
ఏడు నిమిషాలు సంచి ఒత్తి ఒత్తి ఊపిరి పోసిన్రట.
ఏడు నిమిషాలంటే నాకు లెక్క తెలుసు:
ఒక పొట్టేలు తోలు సగం దిగుతది.

ఊపిరి అందనప్పుడు ఒళ్లు ఒక తీర్మానం చేస్తదట.
ఉన్న గింత నెత్తురును మెదడుకు, గుండెకు మలిపి
కడుపుల ఉన్నోళ్లను ఆగుమంటదట.
కార్జం ఆగింది.
అడగలే, అరవలే. లోపల్లోపల రాలింది.
ఆ రాలిందే నెత్తుర్ల కలిసి
రిపోర్టుల అంకె అయింది:
పద్దెనిమిది వందల నలభై.
నలభైకి లోపే ఉండాలెనట.
తరాజుకు అలవాటైన నా కండ్లకు
ఆ అంకె ఏ పక్క మొగ్గుతదో తెల్వలే.

సూది గుచ్చిన కాడ నెత్తురు ఆగుతలేదు.
గడ్డకట్టే సరుకు చేసేది గూడ కార్జమేనట.
దుకాణంల గిన్నెకు పట్టిన నెత్తురు
నేను ఉప్పు తెచ్చేలోగ గడ్డకడ్తది.
గుప్పెడు నెత్తురు లేని పిల్లకు
మడమ మీద దూది ఎర్రగైతనే ఉన్నది.

రెండో దినం అద్దాల గదిలకు రానిచ్చిన్రు.
సిస్టర్ ఎలీశమ్మ చేతులు కడిగిచ్చింది
మోచేతుల దాక, రెండుసార్లు.
మూడోసారి నేనే కడుక్కున్న.
"ముట్టుకో తాతా, ఒక్క వేలుతోటి."

ముట్టిన.
సల్లగున్నది.

నలభై ఏండ్లల సల్లబడ్డ ఒంటిని ముట్టి
పానముంది అని నేను ఎన్నడు అనుకోలే.
మోకాళ్లు వంగిపోయినయి.
"లే తాతా, మేమే సల్లగ చేసినం.
మూడు దినాలు గిట్లనే ఉంచుతం.
సల్లగుంటే మెదడు తక్కువ ఖరాబైతది."
చెవి నమ్మింది.
వేలు నమ్మలే.

ఆదివారం ఇంట్ల కూసోలేక దుకాణం తెరిచిన.
"పావుకిలో కార్జం తియ్యే, బాలింత ఉన్నది ఇంట్ల"
అన్నది ఒకామె.
తీసిన, తూసిన, పైసలు తీసుకున్న.
చిల్లర ఎక్కువ ఇచ్చిననట, తానాజీ పరుగెత్తి తెచ్చిండు.
కటికోనికి కలేజా ఉండాలెరా అనేటోడు మా బాపు.
గింత చిన్న కలేజాను ఆయన ఎన్నడు చూడలే.

నాలుగో దినం వెచ్చబెట్టుడు షురూ చేసిన్రు, గంటకు అర డిగ్రీ.
అంకె దిగింది. పదకొండు వందలు. తర్వాత ఆరు వందల పది.
"కార్జం మళ్ల మొలుస్తది తాతా, దానికి ఆ గుణమున్నది.
మెదడు సంగతి ఇప్పుడే చెప్పలేం.
మెడ నిలిపినప్పుడు, నవ్వినప్పుడు, నడిచినప్పుడు
చూసుకుంట పోవాలె."

మొలుస్తదని నాకు ఎవ్వలు చెప్పలే.
నా చేతికొచ్చినయి ఒక్కటి గూడ
మొలిచేదాక ఉండలే.

పదకొండో దినం ఒళ్లె పెట్టిన్రు.
పేరింక లేదు, కాలికి చీటి: అంబిక బేబీ.
కుడి డొక్కల, ఆఖరి ఎముక దాటినంక
బొటనేలు దానంతట అదే పోయి ఆగింది.
మెత్తగ. వెచ్చగ.
ఒత్తలే.

"మామా, గోర్లు తీసుకొనొచ్చినవా?"
అన్నది అంబిక.
పొద్దుగాల్నే తీసుకున్న, బిడ్డా.